మిగులు ఊలు రగ్గు

ఆదివారం మధ్యాహ్నం మూడు దాటింది. ముందుగదిలో కుర్చీ మీద పెద్దమ్మ, కింద చాప మీద ఆవిడ చెల్లెలి కూతురు పిచ్చుక, ఇద్దరి మధ్యా సగం గది నిండా పరుచుకున్న ఊలు రగ్గు.

"ఆ మాట ఇంక ఎత్తకు. బస్సంట, బస్సు! రోజూ వెళ్ళే బస్సేగా. ఇవాళ తప్పితే ఇంకోరోజు ఎక్కు."

"రేపు పదింటికల్లా కాలేజీలో ఉండాలి పెద్దమ్మా. సర్టిఫికెట్లు చూపించకపోతే సీటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారట."

"ఇచ్చుకోనీ. కాలేజీ ఎక్కడికైనా లేచిపోతుందా? నా పోటీ మాత్రం మళ్ళీ రాదు. ఎన్ని గళ్ళు మిగిలాయి?"

"రెండు."

"పొద్దుటినుంచీ రెండే అంటున్నావు."

"పొద్దున పధ్నాలుగన్నాను."

"అబ్బో, నోరొచ్చిందే! పిచ్చుక, పిచ్చుక అని ముద్దుగా పిలుస్తుంటే గద్దవవుతున్నావు. వచ్చిన కొత్తలో నీ గొంతే వినపడేది కాదు."

"పది రోజులకని వచ్చాను పెద్దమ్మా. రెండు నెలలైంది."

"పది రోజులే. రగ్గు పట్టుకున్న రోజులు అందులో కలపకూడదు. సరే, నాలుగింటికి అల్లిక సంఘం మేడం గారు వస్తారు. ఆవిడ అడిగితే ఏం చెప్పాలో ఇంకొక్కసారి చెప్పు."

"దీన్ని బుట్ట అల్లిక అంటారు."

"బుట్ట అల్లిక. తర్వాత?"

"గళ్ళన్నీ ఏటవాలుగా ఉంటాయి. ఒకదాని కిందనుంచి ఒకటి దూరి వచ్చినట్టు కనపడతాయి గానీ, ఏదీ దూరదు."

"దూరదు గానీ దూరుతుంది."

"కాదు, దూరినట్టు కనపడుతుంది."

"నేనన్నదీ అదే. తర్వాత?"

"ఒక గడి అయ్యాక దాని అంచు నుంచే కొత్తగా కుట్లు ఎత్తుకోవాలి. పక్క గడి అక్కడ పుడుతుంది. చూడు, ఇలా... సూది ఇటునుంచి గుచ్చి, ఊలు చుట్టి, బయటికి లాగితే... చూస్తున్నావా?"

"చూస్తున్నా, చూస్తున్నా. ఎన్ని కుట్లు?"

"చూడట్లేదు, కిటికీ వైపు చూస్తున్నావు. ఎనిమిది."

"రంగులు తొమ్మిది, కుట్లు ఎనిమిది. ఇదే నన్ను తికమక పెట్టేది. రెండూ తొమ్మిది చేసెయ్, గుర్తుంటుంది."

"ఇప్పుడా?"

"ఇప్పుడొద్దులే. ఆ రంగు మారే చోట ముడి కనపడటం లేదేం? ఊడిపోదు కదా, ఆవిడ పట్టుకుని లాగితే?"

"ముడి వెయ్యలేదు. రెండు కొసలూ విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తడి చేసి, అరచేతుల్లో గట్టిగా రుద్దితే అతుక్కుపోతుంది. అసలైన ఊలైతేనే. నైలాన్ అతకదు."

"తడంటే, నీళ్ళేనా పిచ్చుకా?"

"మొదటి రోజు నీళ్ళ గిన్నే పెట్టుకున్నాను. నువ్వు రెండుసార్లు తన్నేశావు."

"అయితే?"

"అప్పటినుంచీ ఉమ్మి."

"ఉమ్మా! అంత పెద్దావిడ వచ్చి ముట్టుకునే రగ్గుకి ఉమ్మి పూశావా?"

"ఎక్కడైనా అంతే పెద్దమ్మా. నేర్చుకున్న వీడియోలో ఆవిడ కూడా అలాగే చేసింది."

"ఆవిడ వీడియోలో ఉమ్మింది. నువ్వు నా పేరు మీద ఉమ్మావు! అడిగితే పన్నీరని చెప్తా. నువ్వు మధ్యలో దూరి సరిదిద్దకు."

పెదనాన్న బాత్రూంలోంచి బయటికి వచ్చాడు.

"ఏవే! బాత్రూంలో కొక్కేనికి ఆ వేలాడే జుట్టేంటి?"

"వచ్చారా! జుట్టు కాదండీ, ఊలు. తడిపి ఆరేశాం. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగిపోతుంది, సాగడానికి చివర చెంబు కట్టాం. మీరు ముట్టుకోకండి."

"నేను ముట్టుకోలేదు. మొహం కడుక్కుందామని వంగితే చెంబే వచ్చి నా నుదురు ముట్టుకుంది. అది సరే, విప్పిన ఊలంటున్నావు, దేన్ని విప్పారు? రంగు చూస్తే నా స్వెటర్ రంగులా ఉంది."

"బూడిదరంగు ఊళ్ళో మీ ఒక్కరికే ఉందేమిటి?"

"నా స్వెటరేదీ?"

"బీరువాలో చూడండి."

"చూశాను."

"మంచం కింద?"

"చూశాను. పిచ్చుకా, నువ్వు చెప్పమ్మా. నా స్వెటరేదీ?"

"దాన్నెందుకండీ అడుగుతారు, చిన్నపిల్లని?"

"నిన్నడిగితే బీరువా అంటావు. చెప్పమ్మా."

"మీరు దాని మీదే నిలబడ్డారు పెదనాన్నా. రెండు చేతులూ ఆ మూల గళ్ళలో ఉన్నాయి. వీపు నడిమధ్యలో ఉంది. మెడ ఒక్కటే బాత్రూంలో ఆరుతోంది."

"హమ్మ హమ్మ! నేను పనిచేసేది ఐసు ఫ్యాక్టరీలోనే! ఎండలు మండిపోతున్నా దిమ్మల గదిలో ఎనిమిది గంటలు నిలబడాలి. స్వెటర్ లేకుండా వెళ్తే నన్ను కూడా దిమ్మనుకుని లారీ ఎక్కించేస్తారు."

"అలా అరవకండి. పోటీ నియమం తెలుసు కదా? అల్లగా మిగిలిన ఊలుతోనే చెయ్యాలి. తొమ్మిది రంగులు తప్పనిసరి. ఏదీ పారెయ్యకూడదని మా సంఘం ఆశయం."

"మిగలాలంటే ముందు ఏదో ఒకటి అల్లి ఉండాలి కదే. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నువ్వు జేబురుమాలు అంచు కుట్టగా చూడలేదు నేను."

"అందుకే దుకాణంలో మిగులు ఊలు సంచీ కొన్నాను."

"మిగులు ఊలు దుకాణంలో కొత్తగా దొరుకుతుందా?"

"కొత్త ఉండలే పెదనాన్నా. పోటీ అని తెలిశాక దుకాణం ఆయన వాటిని నాలుగేసి ముక్కలు కోసి, కలగలిపి సంచుల్లో కట్టాడు. మామూలు ఉండ కంటే ఖరీదెక్కువ."

"ఎక్కువెందుకమ్మా?"

"కోసినందుకు."

"అందులో ఎనిమిది రంగులే వచ్చాయండీ. నేనేం చెయ్యను? తొమ్మిదోది కావాలి. చూస్తే మీ స్వెటర్ ఒకటి మిగిలింది."

"అది మిగల్లేదే! నేనింకా బతికే ఉన్నాను. నేను పోయాక కదా అది మిగిలేది!"

"ఛీ ఛీ, మేడం గారొచ్చే వేళకి ఏం మాటలండీ అవి? రెండు చొక్కాలు తొడుక్కుని, పైన వాన కోటు వేసుకెళ్ళండి."

"ఐసు గదిలో వాన కోటా! బాగుంది. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపి ఎక్కడ కురుస్తోందని అడుగుతాడు... సర్లే. నాలుగున్నరకి బండి తీస్తా. పిచ్చుకా, దార్లో నిన్ను బస్టాండులో దింపేస్తాను. సంచీ సర్దుకున్నావా?"

"నిన్నే సర్దుకున్నాను పెదనాన్నా."

"విప్పేసుకో. నువ్వెక్కడికీ వెళ్ళడం లేదు."

"పెద్దమ్మా!"

"ఏంటే, పిల్ల రేపు కాలేజీలో చేరాలిగా?"

"మొదటి బహుమతి ఏంటో తెలుసా మీకు? కప్పు కాదు. అల్లిక టీచరు పదవి! సంఘం గదిలో నాకు కుర్చీ. గుమ్మానికి నా పేరుతో బోర్డు. రేపట్నుంచి మూడు నెలలు, రోజూ రెండు పూటలా నలభై మందికి నేర్పాలి."

"నువ్వా? నేర్పుతావా? నువ్వు?"

"నేనే. ముందు కుర్చీలో నేను కూర్చుంటా. నా వెనక తెర ఉంటుంది. తెర వెనక పిచ్చుక ఉంటుంది. వాళ్ళు అల్లిన ముక్కలు తెచ్చిస్తారు, నేను కళ్ళజోడు పెట్టుకుని చూసి వెనక్కి అందిస్తా. పిచ్చుక దిద్ది ముందుకి అందిస్తుంది."

"పెద్దమ్మా, మూడు నెలలయ్యాక నన్నెవరు చేర్చుకుంటారు?"

"వచ్చే ఏడు చేరు. మీ అమ్మతో నేను ఫోన్లో మాట్లాడేశానులే."

"అమ్మ ఏమంది?"

"ఏమంటుంది? అక్క మాట చెల్లెలు కాదంటుందా?"

"అమ్మ ఏమంది పెద్దమ్మా?"

"నీ ఇష్టమేంటో అడగమంది. అడుగుతున్నాగా ఇప్పుడు. ఇక్కడ నీకేం తక్కువ? కొత్త పరుపు వేశాను, ఫ్యాను నీవైపే తిప్పాను. రెండు నెలల క్రితం నీకు సూది ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదు. ఇవాళ ఎవరికీ రాని అల్లిక వచ్చు. ఎవరి చలవ?"

"వీడియోలో ఆవిడది."

"ఫోను ఎవరిది?"

"నీదే."

"మరి! ... అదిగో, మెట్ల మీద చెప్పుల చప్పుడు. గళ్ళయ్యాయా?"

"ఆఖరి కుట్టు... అయింది."

"సూదులు నాకివ్వు. ఇలా ఒళ్ళో పెట్టుకుంటా. నువ్వలా దూరంగా జరిగి ఉండ చుట్టు. ఏవండీ, మీరు వెళ్ళి తలుపు తియ్యండి. నుదుటి మీద ఆ బొప్పికి ఏదైనా రాసుకోండి, మేడం గారు ఇంకేదో అనుకుంటారు."

తలుపు తీసేసరికి అల్లిక సంఘం అధ్యక్షురాలు, చేతిలో కాగితాలు పెట్టిన అట్టతో, రొప్పుతూ గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మయ్య! మీ ఇంటితో పన్నెండు ఇళ్ళయ్యాయి. కొంచెం మంచినీళ్ళిస్తారా?"

"రండి మేడం గారూ, రండి! పిచ్చుకా, నీళ్ళు. మా చెల్లెలి కూతురండీ, సెలవులకొచ్చింది. నేను అల్లుతుంటే ఉండలు చుట్టిపెడుతుంది. అంతకు మించి ఏం రాదు పాపం."

"ఉండలు చుట్టడమూ పనేలెండి. పొద్దుటినుంచీ నేను చూసినవి వింటే మీరు నవ్వుతారు. ఒకావిడ మిగులు ఊలని చూపించిన దాని మీద దుకాణం చీటీ ఊడనే లేదు. ఇంకొకావిడ మిగలడం కోసమని ఒక శాలువా సగం అల్లి ఆపేసింది. మరొకచోట పనిమనిషి అల్లింది, యజమానురాలు నిలబడి వివరించింది."

"ఎంత ఘోరం! మనుషుల్లో నిజాయితీ లేదండీ."

"లేదండీ. మీ రగ్గేనా ఇది? అబ్బ! బుట్ట అల్లికే! ఈ చుట్టుపక్కల ఇది వచ్చినవాళ్ళు లేరనుకున్నానే!"

"ఏదో, చేతికి పట్టుబడిందండీ. దూరదు గానీ దూరుతుంది."

"ఏమిటి దూరేది?"

"గడండీ. గడిలోకి గడి. రంగులు తొమ్మిది, కుట్లు ఎనిమిది."

"భలే. వెనక వైపు తిప్పండి, చూద్దాం. ముందు వైపు ఎవరైనా అందంగా పెడతారు. అల్లిన చెయ్యి సంగతి వెనకే తెలుస్తుంది... ఒక్క ముడి లేదు! రంగెలా మార్చారు?"

"పన్నీరండీ."

"పన్నీరా?"

"పన్నీరుతో తడిపి, అరచేతుల్లో రుద్ది..."

"మేము చిన్నప్పుడు ఉమ్మి రుద్దేవాళ్ళం. మీది దొడ్డ చెయ్యండీ. కానీ, ఈ ఒక్క గడి ఏమిటి ఇలా ఉంది? కుట్లు జారి, మధ్యలో వేలు పట్టేంత చిల్లుంది. మిగతా రగ్గంతా ఒక చెయ్యి, ఇది ఇంకొక చెయ్యి."

"అదా... అది... ఆ గడి పిచ్చుక అల్లిందండీ. నేర్చుకుంటుంది కదాని సూదులు ఒక్కసారి దాని చేతికిచ్చాను. విప్పేద్దామంటే చిన్నబుచ్చుకుంటుందని ఉంచేశా."

"పెద్ద మనసు మీది. ఏమండీ, మీరు చెప్పండి. ఇంట్లో ఇంత ఊలు మిగలడమంటే మీ ఆవిడ ఎన్నెన్ని అల్లి ఉండాలి!"

"మా ఇంట్లో ఆవిడ ఏదీ మిగలనివ్వదండీ. కావాలంటే నన్నే చూడండి, రెండు చొక్కాలతో ఉన్నాను."

"ఆయనకి హాస్యం ఎక్కువండీ!"

"సరే, నేను ఎక్కువ సేపు సాగదీయను. పన్నెండు రగ్గుల్లో ఇదే మొదటిది. టీచరు పదవి మీదే."

"నిజమా! నిజంగానా! పిచ్చుకా, విన్నావుటే? ఏవండీ, విన్నారా?"

"వింటూనే ఉన్నా. నాలుగూ ఇరవై అయింది."

"సంతకం పెట్టేముందు చిన్న పని. తప్పుగా అనుకోకండి, ఆ పనిమనిషి గొడవ తర్వాత ఈ నియమం పెట్టాం. నా ఎదురుగా ఒక్క వరస అల్లండి. ఎనిమిది కుట్లే. సూదులు చేతిలోనే ఉన్నాయిగా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇప్పుడు... మణికట్టు పట్టేసిందండీ. రెండు నెలలు ఆపకుండా అల్లాను కదా."

"పాపం. ఒక్క కుట్టు చాలు."

"ఒక్క కుట్టు... చూడండి, బొటనవేలు కూడా వంగటం లేదు."

"అయితే రేపట్నుంచి నలభై మందికి ఎలా నేర్పుతారు?"

"రేపటికి తగ్గిపోతుందండీ. వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటా."

"పాపా, ఆ గ్లాసు ఇలా ఇవ్వు. ఆగు, నీ చెయ్యి చూపించు. చూపుడువేలు మీద ఈ గీతేమిటి? ఊలు కోసుకుపోయిన గీత ఇది. నాకూ ఉంది, చూడు. ఉండలు చుడితే ఈ గీత పడదే? భయపడకు. నీకు ఈ అల్లిక వచ్చా?"

"అది సిగ్గరి మేడం గారూ, మాట్లాడదు. ఉండండి, నేను చెప్తా. వచ్చండీ! దానికి బ్రహ్మాండంగా వచ్చు!"

"ఇందాక ఏం రాదన్నారు?"

"ఇందాక మణికట్టు నొప్పిలో ఏదో అన్నానండీ. నేను నేర్పితే నేర్చుకుంది. నా చెయ్యే దానికీ వచ్చింది. పిచ్చుకా, రా తల్లీ, ఈ సూదులు పట్టుకుని ఒక్క వరస అల్లి చూపించు."

"నిన్ను ఆవిడ అడగటం కాదమ్మా, నేను అడుగుతున్నాను. అల్లింది నువ్వే అయితే చెప్పు. ఇదిగో, పత్రంలో ఇంకా పేరు రాయలేదు. పెద్దమ్మ పేరు పక్కన నీ పేరూ రాస్తాను. మొదటి బహుమతి ఇద్దరిదీ. బోర్డు మీద రెండు పేర్లూ ఉంటాయి. రేపట్నుంచి మూడు నెలలూ ఇద్దరూ కలిసి నేర్పచ్చు."

"బోర్డు మీద... నా పేరా అండీ?"

"నీ పేరే. ఇంత నున్నటి కుట్లు నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఇంత పని చేసినవాళ్ళ పేరు తెర వెనక ఉండకూడదు."

"విన్నావా తల్లీ? నీ పేరు! నా కంటే ముందు రాసినా నాకేం బాధ లేదు. కాలేజీలో నీకెవరైనా బోర్డు పెడతారా? చెప్పవే, వచ్చని చెప్పు!"

"మేడం గారూ, ఒక మాట. పిల్లకి ఐదింటికి బస్సుంది. రేపు పొద్దున కాలేజీలో..."

"మీరు ఊరుకోండి! మీ వాన కోటు సంగతి చూసుకోండి!"

"ఊరుకుంటున్నా. బండి కింద స్టార్ట్ చేసి ఉంచుతా. అంతే."

"చెప్పమ్మా. నా పెన్ను మూత తీసే ఉంది. ఈ రగ్గు అల్లింది నువ్వేనా?"

"పిచ్చుకా, నా బంగారు కొండా, చెప్పవే!"

"చాలా బాగుంది కదండీ రగ్గు?"

"చాలా బాగుంది."

"వెనక వైపు కూడానా అండీ?"

"వెనక వైపే ఎక్కువ బాగుంది. అందుకే అడుగుతున్నాను. వచ్చా నీకు?"

"రాదండీ. నాకు అల్లికే రాదు. అంతా మా పెద్దమ్మే. మీరు నలభై మందిని కాదు, ఎనభై మందిని కూర్చోబెట్టండి, పక్కన ఎవ్వరూ అక్కర్లేకుండా ఒక్కతే నేర్పేస్తుంది."